ఢిల్లీ మట్టిలో ఒకే విషం ఒకేలా పనిచేయదు

ఢిల్లీ భూమిని అక్కడి రైతులు, పాత రెవెన్యూ లెక్కలు నాలుగు పేర్లతో పిలిచేవారు. యమున వరద వచ్చిపోయే కొత్త ఒండ్రు నేల ఖాదర్. వరద అందని ఎత్తులో ఉన్న పాత ఒండ్రు నేల బాంగర్. నజఫ్‌గఢ్ వైపు వాన నీళ్ళు నిలిచే పల్లపు భూమి డాబర్. ఆరావళి కొండల చివరి కొస అయిన రిడ్జ్ మీది రాతి నేల కోహీ. మన ప్రాంతాల్లో రేగడి, చల్క, దుబ్బ, లంక భూమి అన్నట్టే ఇవీ పంట కోసం, శిస్తు కోసం పుట్టిన పేర్లు. భూమి కాలుష్యాన్ని అంచనా వేయాల్సి వచ్చినప్పుడు ఈ పాత విభజన మళ్ళీ పనికి వస్తోంది. ఎందుకంటే ఒకే మోతాదులో జింకో, కాడ్మియమో, పురుగుమందో ఈ నాలుగు నేలల్లో పడితే, వాటిలోని సూక్ష్మజీవులకు జరిగే హాని నాలుగు చోట్లా ఒకేలా ఉండదు.

గ్రాము మట్టిలో కోట్ల సంఖ్యలో బాక్టీరియా ఉంటాయి. వాటిలో వేల రకాలు. ఎండిన ఆకును కుళ్ళబెట్టి ఎరువుగా మార్చేవి, అమ్మోనియాను నైట్రేటుగా మార్చేవి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించేవి, భాస్వరాన్ని కరిగించేవి, ఇవన్నీ అందులోనే ఉంటాయి. వీటిలో ఏవి విషానికి ముందు లొంగుతాయి, ఏవి తట్టుకుంటాయి అన్నది రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. మొదటిది రసాయనం: మట్టిలో పడిన విషంలో ఎంత భాగం సూక్ష్మజీవి దాకా చేరుతుంది? రెండోది చరిత్ర: ఆ చోట ఏయే జీవులు కాపురం ఉన్నాయి, అవి ఇంతకుముందు ఆ విషాన్ని ఎరుగుదురా? ఈ రెండూ ఊరూరికీ మారతాయి. ఒక్కోసారి గట్టుకు ఇటూ అటూ కూడా మారతాయి.

కేశోపుర్ పొలాలు

ఇందుకు ఢిల్లీలోనే మంచి ఉదాహరణ ఉంది. పశ్చిమ ఢిల్లీలో కేశోపుర్ మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్ళను చుట్టుపక్కల పొలాలకు పారించే పథకం దశాబ్దాల పాటు నడిచింది. రైతుకు అది రెండు విధాల లాభం. నీళ్ళు ఖాయం, నీళ్ళతోపాటే ఎరువూ వస్తుంది. ఆ పక్కనే గొట్టపు బావి నీళ్ళతో సాగయ్యే పొలాలూ ఉన్నాయి. నేల ఒకటే, పంటలు దాదాపు ఒకటే, నీళ్ళు మాత్రం వేరు. పరిశోధకుడు కోరుకునే పోలిక అక్కడ దానంతట అదే ఏర్పడి ఉంది.

ఈ పొలాలపై జరిగిన అధ్యయనం ఒకటి 2005లో వెలువడింది. మురుగునీరు ఐదేళ్ళు పారిన చోట ఇనుము ఒక్కటే చెప్పుకోదగ్గంతగా పెరిగింది. పదేళ్ళు పారిన చోట జింకు, ఇనుము, నికెల్, సీసం పెరిగాయి. ఇరవై ఏళ్ళు పారిన పొలాల్లో మొక్కలకు అందే రూపంలో ఉన్న జింకు, పక్కనున్న గొట్టపు బావి పొలాలతో పోలిస్తే 208 శాతం ఎక్కువగా తేలింది. రాగి 170 శాతం, నికెల్ 63 శాతం, సీసం 29 శాతం ఎక్కువ. ఏ ఒక్క ఏడాదిలోనూ కంటికి కనిపించేంత మార్పు కాదిది. చెంచాలతో పోసినా ఇరవై ఏళ్ళకు బిందె నిండుతుంది.

అదే అధ్యయనంలో మరో రెండు అంకెలున్నాయి. అవి లోహాల లెక్కల కన్నా ఆసక్తికరమైనవి. మురుగునీటి పొలాల్లో సేంద్రియ కర్బనం 38 నుంచి 79 శాతం దాకా పెరిగింది. పీహెచ్ సగటున 0.4 తగ్గింది. సేంద్రియ పదార్థం లోహాలను పట్టి ఉంచుతుంది కాబట్టి మొదటి మార్పు సూక్ష్మజీవులకు రక్షణ. రెండోది అందుకు విరుద్ధంగా పనిచేస్తుంది. పీహెచ్ తగ్గేకొద్దీ మట్టి రేణువులు లోహాల మీద పట్టు వదులుతాయి. 0.4 అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, పీహెచ్ కొలమానం పదింతల మెట్లతో సాగుతుంది. 0.4 తగ్గిందంటే ఆమ్లత్వం సుమారు రెండున్నర రెట్లు పెరిగిందని అర్థం. నేల రసాయనశాస్త్రం ప్రకారం పీహెచ్ ఒక మెట్టు దిగితే మట్టినీటిలో కరిగి ఉండే జింకు అయాన్లు సిద్ధాంతరీత్యా నూరు రెట్లు పెరగవచ్చు. పొలంలో సేంద్రియ పదార్థం, బంకమట్టి అడ్డుపడతాయి కాబట్టి అంత పెరగదు. పెరిగే దిశ మాత్రం అదే.

సూక్ష్మజీవికి మట్టిలో మొత్తం ఎంత జింకు ఉందన్నది లెక్క కాదు. దాని పొర చుట్టూ ఉన్న సన్నటి నీటిలో కరిగిన జింకు ఎంత అన్నదే లెక్క. కిలోకు 200 మిల్లీగ్రాముల జింకున్న క్షార నేలలో హాయిగా బతికే బాక్టీరియా, అంతే జింకున్న ఆమ్ల నేలలో చచ్చిపోవచ్చు. ఢిల్లీ ఒండ్రు నేలలు ఎక్కువగా క్షార గుణం కలవి, సున్నం కలిసినవి. ఇన్నాళ్ళూ అవి లోహాలను గట్టిగా బంధించి కాపాడుతూ వచ్చాయంటే తప్పులేదు. అయితే ఆ కాపలా పీహెచ్ మీద నిలబడి ఉంది. ఆ పీహెచ్‌నే మురుగునీరు నెమ్మదిగా దించుతోంది.

ఇదే పోలికను తెలుగు నేల మీద ఒకే ఆవరణలో చూడవచ్చు. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రంలో నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నాయి. రేగడిలో బంకమట్టి ఎక్కువ, దాని రేణువులకు రుణ విద్యుదావేశం ఎక్కువ. అందువల్ల ధనావేశమున్న లోహ అయాన్లను అయస్కాంతంలా లాగి పట్టుకుంటుంది. ఎర్రనేలకు ఆ శక్తి తక్కువ. ఒకే నీటిని రెండింటికీ పారిస్తే ఎర్రనేలలోని సూక్ష్మజీవులకే ముందుగా సెగ తగులుతుంది. కాలుష్యానికి హద్దు గీసేటప్పుడు "కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు" అని ఒకే అంకె చెబితే, అది ఒక నేలకు మరీ కఠినమై, మరో నేలకు మరీ ఉదారమవుతుంది.

ఎవరు ఎక్కడ ఉంటారు

ఇక రెండో సంగతి, అంటే ఏ నేలలో ఏ జీవులున్నాయన్నది. డచ్ శాస్త్రవేత్త బాస్ బెకింగ్ 1934లో ఒక ప్రతిపాదన చేశారు. సూక్ష్మజీవులు గాలితో, నీటితో అన్ని చోట్లకూ చేరతాయి, అయితే ఎక్కడ ఏది వృద్ధి చెందాలో పరిసరాలే నిర్ణయిస్తాయి అన్నది దాని సారాంశం. చాలాకాలం దీన్ని పరీక్షించే సాధనం లేదు. మట్టిలోని బాక్టీరియాలో ప్రయోగశాల గిన్నెలో పెరిగేవి ఒక శాతం దాకానే ఉండటం అందుకు కారణం. మట్టి నుంచి నేరుగా డీఎన్‌ఏ తీసి చదవడం వచ్చాక పరిస్థితి మారింది. ఉత్తర, దక్షిణ అమెరికాల నుంచి తెచ్చిన 98 నేలలను పోల్చిన అధ్యయనం 2006లో వచ్చింది. బాక్టీరియా వైవిధ్యాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రతో వర్షపాతమో అయి ఉంటుందని అందరూ అనుకుంటే, తేలింది పీహెచ్. తటస్థ నేలల్లో వైవిధ్యం ఎక్కువ, ఆమ్ల నేలల్లో తక్కువ. పచ్చగా కళకళలాడే అమెజాన్ అడవి మట్టిలో బాక్టీరియా రకాలు, బోసిగా కనిపించే పొడి నేలల్లో కన్నా తక్కువని తెలిసి చాలామంది ఆశ్చర్యపోయారు.

2018లో ఆరు ఖండాల్లోని 18 దేశాల నుంచి 237 చోట్ల మట్టి తీసి పరిశీలించిన మరో బృందం ఇంకో విశేషం గమనించింది. మొత్తం బాక్టీరియా రకాల్లో రెండు శాతం మాత్రమే ఎక్కడ చూసినా పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మట్టిలోని బాక్టీరియా జనాభాలో దాదాపు సగం వాటిదే. మిగిలిన రకాలన్నీ ఎక్కడికక్కడ కొద్దికొద్దిగా ఉండే స్థానికులు. బాస్ బెకింగ్ మాట సగం నిజమైందన్నమాట. కొన్ని అన్ని చోట్లా ఉన్నాయి, ఎక్కువ రకాలు మాత్రం ఎక్కడివి అక్కడే.

కాలుష్యం విషయంలో ఈ స్థానికుల లెక్క ముఖ్యం. నేల చేసే పనులన్నిటికీ చేతులు ఒకే సంఖ్యలో ఉండవు. ఆకుల్ని కుళ్ళబెట్టి కార్బన్ డయాక్సైడ్ వదిలే పని వేల రకాలు చేయగలవు. వంద రకాలు చచ్చినా మిగిలినవి ఆ పని అందుకుంటాయి. అందుకే విషం పడిన నేలలో కూడా 'శ్వాస' కొలిస్తే మామూలుగానే కనిపిస్తుంది. అమ్మోనియాను నైట్రేటుగా మార్చేవి కొన్ని రకాలే. చిక్కుడు జాతి మొక్కల వేళ్ళ బుడిపెల్లో ఉండి నత్రజని పట్టే రైజోబియం సంగతి మరీ సున్నితం, ఫలానా పంటకు ఫలానా రకమే కావాలి. దానికి బదులు ఇంకోటి రాదు.

ఇంగ్లండు పొలం చెప్పిన సంగతి

ఈ సున్నితత్వం ఎంత దూరం వెళ్తుందో ఇంగ్లండులోని వోబర్న్ ప్రయోగ క్షేత్రంలో బయటపడింది. రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రం అక్కడ 1942 నుంచి 1961 దాకా కొన్ని మళ్ళకు మురుగు మడ్డి ఎరువుగా వేసింది. తర్వాత ఆపేసింది. ఇరవై ఏళ్ళు దాటాక, 1980లలో, ఆ మళ్ళలో తెల్ల క్లోవర్ గడ్డి వేస్తే అది పాలిపోయి గిడసబారింది. వేళ్ళకు బుడిపెలు ఉన్నాయి, వాటిలో రైజోబియమూ ఉంది. అది నత్రజని పట్టడం లేదు. పనిచేసే రకాలు మట్టిలోంచి తుడిచిపెట్టుకుపోయి, పనిచేయని రకం మాత్రం లోహాలను తట్టుకుని మిగిలింది. మడ్డి వేయడం మానేసి రెండు దశాబ్దాలైనా లోహాలు ఎక్కడికీ పోలేదు. సేంద్రియ పదార్థం కుళ్ళి తగ్గిపోతుంది, పురుగుమందు ఎప్పటికో విరిగిపోతుంది, జింకు మాత్రం జింకుగానే ఉంటుంది.

ఇదే ప్రయోగాన్ని పోలినవి వేరే దేశాల నేలల్లో చేసినప్పుడు కొన్నిచోట్ల అంత హాని కనిపించలేదు. ఒక దేశపు ఫలితం చూసి ఇంకో దేశం భయపడటమూ సరికాదు, ధైర్యంగా ఉండటమూ సరికాదు అన్న వాదన అక్కడి నుంచే బలపడింది.

ఉత్తర భారతంలో చలికాలపు పశుగ్రాసం బర్సీం కూడా క్లోవర్ జాతిదే. వోబర్న్‌లో దెబ్బతిన్న రైజోబియం ఏ కోవకు చెందిందో, బర్సీం వేళ్ళలో ఉండేదీ ఆ కోవకే చెందింది. ఢిల్లీ చుట్టుపక్కల పాడి రైతులకు బర్సీం ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. వోబర్న్ నేల కన్నా ఢిల్లీ నేల క్షార గుణం ఎక్కువ కలది కాబట్టి అదే గతి పడుతుందని ముందే అనలేం. పట్టదని అనుకోవడానికీ వీల్లేదు. మురుగునీరు పారే పొలంలో ఇంకో తిరకాసు ఉంది. ఆ నీటిలో నత్రజని దండిగా ఉంటుంది. నత్రజని ఊరికే దొరుకుతున్నప్పుడు మొక్క రైజోబియంను పోషించదు, బుడిపెలు తగ్గిపోతాయి. పంట మాత్రం పచ్చగా నవనవలాడుతుంది. లోపల రైజోబియం చచ్చిందో బతికిందో పైకి తెలియదు. మురుగునీరు ఆగి, మామూలు నీటితో సాగు మొదలైన రోజునే ఆ లోటు కనిపిస్తుంది. కాలుష్యం ఆపిన తర్వాత పంట తగ్గితే రైతు ఎవరిని తప్పుపడతాడు? శుభ్రమైన నీళ్ళనే కదా.

తట్టుకోవడం నేర్చిన జీవులు

చచ్చేవాటి సంగతి అలా ఉంటే, బతికేవి ఎలా బతుకుతాయి? బెల్జియంలో ఒక జింకు కర్మాగారపు మడ్డి తొట్టిలో 1976లో ఒక బాక్టీరియా దొరికింది. నేడు దాని పేరు కుప్రియవిడస్ మెటాలిడ్యురాన్స్. అది లోపలికి వచ్చిన జింకును, కాడ్మియంను, కోబాల్టును పంపు పెట్టి తోడినట్టు బయటికి నెట్టేస్తుంది. ఈ పంపు తయారీకి కావలసిన జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉంటాయి. ప్లాస్మిడ్ ఒక బాక్టీరియా నుంచి మరోదానికి చేతులు మారగలదు. అలా విషాన్ని తట్టుకునే విద్య వారసులకే కాదు, ఇరుగుపొరుగుకూ అందుతుంది.

అయితే పంపు నడపడానికి శక్తి ఖర్చవుతుంది. విషం లేని చోట పంపున్న బాక్టీరియా పంపు లేనిదానికన్నా వెనకబడుతుంది. కాబట్టి ఒక నేలలో లోహాలను తట్టుకునే జీవులు బలంగా ఉన్నాయంటే, అక్కడ విషం నిజంగానే వాటి దాకా చేరుతోందని అనుకోవచ్చు. దీన్నే కొలమానంగా వాడవచ్చని స్వీడన్ పరిశోధకులు 1980ల చివర్లో సూచించారు. పద్ధతి సులభమే. అనుమానం ఉన్న నేల నుంచి, పక్కనే ఉన్న శుభ్రమైన నేల నుంచి సూక్ష్మజీవుల సమూహాలను తీసి, రెండింటికీ ప్రయోగశాలలో ఒకే విషాన్ని క్రమంగా పెంచుతూ ఇస్తారు. మొదటిది ఎక్కువ మోతాదు దాకా నిలబడితే, పొలంలో ఇప్పటికే ఏరివేత జరిగిపోయిందని అర్థం. మట్టి రసాయన పరీక్ష "ఎంత ఉంది" అని చెబుతుంది, ఇది "ఎంత తగిలింది" అని చెబుతుంది. కేశోపుర్ వంటి పొలాల్లో జంటగా ఉన్న మళ్ళు ఈ పరీక్షకు సరిగ్గా సరిపోతాయి.

తట్టుకోవడం మంచిదే కదా అనిపించవచ్చు. అన్నిసార్లూ కాదు. లోహాలను తోడే జన్యువులు, యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు తరచు ఒకే ప్లాస్మిడ్ మీద పక్కపక్కనే ఉంటాయి. జింకు ఒకదాన్ని ఏరితే రెండోదీ దానితో పాటు వస్తుంది. యాంటీబయాటిక్‌లే నేరుగా పడిన చోట ఏమవుతుందో చూడటానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. పటాన్‌చెరు ప్రాంతంలోని మందుల పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకటించింది. కొన్ని బాక్టీరియాను చంపడానికి చాలిన మోతాదుకు అది వెయ్యి రెట్లు పైమాటే. ఆ తర్వాతి ఏళ్ళలో ఆ ప్రాంతపు నది అడుగు మట్టిలో మందులకు లొంగని జన్యువులు పెద్ద ఎత్తున బయటపడ్డాయి.

విషం మేతగా మారినప్పుడు

తట్టుకోవడం దాటి విషాన్నే తినే స్థితికి చేరిన జీవులూ ఉన్నాయి. వీటి కథలో ఢిల్లీకి పెద్ద పాత్ర ఉంది. హెచ్‌సీహెచ్ అనే పురుగుమందు మన దేశంలో దశాబ్దాల పాటు పొలాల్లో, దోమల నివారణలో వాడుకలో ఉండేది. దానిలో చాలా రూపాలు కలిసి ఉంటాయి, పురుగును చంపేది గామా రూపం (లిండేన్) ఒక్కటే. టన్ను లిండేన్ వేరు చేస్తే ఎనిమిది నుంచి పన్నెండు టన్నుల పనికిరాని రూపాలు మిగులుతాయి. ఆ వ్యర్థాన్ని గుట్టలుగా పోశారు. సాంకేతిక హెచ్‌సీహెచ్‌ను 1997లో భారత్ నిషేధించింది. గుట్టలు మిగిలాయి.

కటక్‌లోని కేంద్రీయ వరి పరిశోధన సంస్థలో సేతునాథన్ బృందం, హెచ్‌సీహెచ్ పదేపదే వేసిన చెరకు వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి నుంచి దాన్ని విరగ్గొట్టే బాక్టీరియాను వేరు చేసి 1990లో ప్రకటించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రూప్ లాల్ బృందం దాని జన్యువులను ఏళ్ళ తరబడి పరిశీలించింది. జపాన్‌లో, ఫ్రాన్స్‌లో కూడా ఇదే పని చేసే బాక్టీరియా విడివిడిగా దొరికి ఉన్నాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అవి మూడు వేర్వేరు జాతులని తేలింది. 2005లో వాటికి స్ఫింగోబియం ఇండికం, స్ఫింగోబియం జపానికం, స్ఫింగోబియం ఫ్రాన్సెన్స్ అని పేర్లు పెట్టారు. జాతులు వేరైనా హెచ్‌సీహెచ్‌ను విరిచే 'లిన్' జన్యువులు మాత్రం మూడింటిలో దాదాపు ఒకటే. జీవులు ఎక్కడివక్కడే ఉన్నాయి. విద్య మాత్రం ఒకటే, అది జీవి నుంచి జీవికి దూకగలిగిన డీఎన్‌ఏ ముక్కల సాయంతో పాకినట్టు ఆధారాలున్నాయి.

రూప్ లాల్ బృందమే తర్వాత లక్నో దగ్గర ఒక హెచ్‌సీహెచ్ గుట్ట మట్టిని పరీక్షించింది. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం గుట్ట మట్టిలో గ్రాముకు 450 మిల్లీగ్రాముల హెచ్‌సీహెచ్ ఉంది. అంటే దాదాపు సగం విషమే. పోలిక కోసం తీసిన మిగతా రెండు నమూనాల్లో అది 0.7, 0.03 మిల్లీగ్రాములు. విషం హెచ్చిన కొద్దీ లిన్ జన్యువుల పాలు పెరిగింది, రసాయనం వైపు కదిలి వెళ్ళడానికి సాయపడే జన్యువులూ పెరిగాయి. సముద్రం ఆనవాలు కూడా లేని ఆ గుట్ట మట్టిలో ఉప్పును ఇష్టపడే బాక్టీరియా గుంపులు దండిగా కనిపించాయి. విషాన్ని విరిచే కొద్దీ క్లోరైడ్ విడుదలవుతుందని గుర్తు తెచ్చుకుంటే అది అంత వింతగా తోచదు.

ఈ బాక్టీరియాను సంచుల్లో నింపి ఎక్కడ పడితే అక్కడ చల్లితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. క్షార నేలకు అలవాటైనది ఆమ్ల నేలలో, వరి మడిలో పెరిగినది రిడ్జ్ మీది పొడి మట్టిలో నిలదొక్కుకుంటుందన్న భరోసా లేదు. అందుకే ఆయా చోట్ల ఇప్పటికే ఉన్న స్థానిక రకాలను మేపి, గాలి, తేమ అందించి పెంచే పద్ధతికి పరిశోధకులు ప్రాధాన్యమిస్తున్నారు.

ఎవరి నేలతో ఎవరి కొలత

రసాయనాలు మట్టి సూక్ష్మజీవులకు చేసే హానిని కొలవడానికి ప్రపంచమంతా వాడే పరీక్షల్లో ఒకటి ఓఈసీడీ వారి 216వ మార్గదర్శకం. అది 2000 సంవత్సరం నాటిది. మట్టిలో మొక్కల పొడి కలిపి, 28 రోజుల తర్వాత ఎంత నైట్రేట్ తయారైందో చూస్తారు. పరీక్షకు వాడే మట్టి ఎలా ఉండాలో అందులో ఉంది: ఇసుక 50 నుంచి 75 శాతం, పీహెచ్ 5.5 నుంచి 7.5, సేంద్రియ కర్బనం 0.5 నుంచి 1.5 శాతం. ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఐరోపా పొలాన్ని మనసులో పెట్టుకుంటే ఇవి సబబైన అంకెలే. ఢిల్లీ బాంగర్ నేలల పీహెచ్ తరచు 7.5 దాటుతుంది, సేంద్రియ కర్బనం చాలాచోట్ల 0.5 శాతం లోపే. ఇక జూన్‌లో ఆ మట్టిని 20 డిగ్రీల దగ్గర ఊహించుకోవడానికి మంచి కల్పనాశక్తి కావాలి. ఒక మందు ఈ పరీక్షలో గెలిచిందంటే ఆ మాదిరి నేలలో గెలిచిందనే అర్థం.

ఇంకో లోపం ఉంది. ప్రయోగశాలలో లోహ లవణాన్ని అప్పటికప్పుడు మట్టిలో కలుపుతారు. అది నీటిలో కరిగి సూక్ష్మజీవుల మీద ఒక్కసారిగా పడుతుంది. పొలంలో ఏళ్ళ తరబడి చేరిన లోహం మట్టి రేణువుల్లోకి ఇంకి, కొంత మెత్తబడి ఉంటుంది. సూక్ష్మజీవులకూ అలవాటు పడటానికి వ్యవధి దొరికి ఉంటుంది. అందువల్ల తాజా పరీక్ష కొన్నిసార్లు ప్రమాదాన్ని ఎక్కువ చేసి చూపుతుంది. నేల రకం తేడా వల్ల ఇంకొన్నిసార్లు తక్కువ చేసి చూపుతుంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని ఆశించడం శాస్త్రం కాదు.

ఇదంతా పుస్తకాల చర్చ కాదు. యమున ఒడ్డున ఖాదర్ భూముల్లో కూరగాయలు పండించి ఢిల్లీ మార్కెట్లకు పంపే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. నది శుద్ధి అయ్యేదాకా వరద మైదానంలో తినే పంటలు వేయరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 జనవరిలో ఆదేశించింది. ఆ ఆదేశం తినేవారి ఆరోగ్యం కోసం వచ్చింది. ఏ మడి ఎంత చెడింది, ఏది కోలుకోగలదు అన్నది మడి మడికీ తేల్చే కొలత ఉంటే, నిషేధానికి బదులు వేరే దారి దొరికే మళ్ళూ కొన్ని ఉండవచ్చు. ఇప్పటి పరీక్షలతో ఆ తేడా తెలియదు.

అదే 2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం భూసార కార్డుల పథకం ప్రారంభించింది. కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాషియం, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. పన్నెండులో ప్రాణమున్నది ఒక్కటీ లేదు. కాడ్మియం, సీసం, నికెల్ కూడా లేవు. జింకు ఉంది, అయితే లోపం ఉందా లేదా అని చూడటానికి. కిలోకు 0.6 మిల్లీగ్రాముల కన్నా తక్కువైతే జింకు సల్ఫేట్ వేయమంటారు. ఇరవై ఏళ్ళు మురుగునీరు పారిన పొలానికి ఈ కార్డు ఇస్తే జింకు పుష్కలం, సేంద్రియ కర్బనం బాగుంది, పీహెచ్ తటస్థానికి దగ్గరైంది అని వస్తుంది. అన్నీ మంచి మార్కులే.

సూక్ష్మజీవుల పరీక్ష అనగానే ఖరీదైన డీఎన్‌ఏ యంత్రాలు గుర్తుకొస్తాయి. అన్నిటికీ అవి అక్కర్లేదు. నైట్రేట్ తయారయ్యే వేగాన్ని మామూలు మట్టి పరీక్ష కేంద్రంలో కొలవవచ్చు. వోబర్న్‌లో కనిపించిన లోపాన్ని పసిగట్టడానికైతే పొలం గట్టు మీదే మొదటి ఆనవాలు దొరుకుతుంది. అనుమానమున్న మడి మట్టిని కుండీలో పోసి, నత్రజని ఎరువు గానీ మురుగునీరు గానీ తగలకుండా బర్సీం విత్తి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొక్కను వేళ్ళతో పెకలించి, బుడిపెను గోటితో చీల్చాలి. లోపల గులాబీ రంగు ఉంటే రైజోబియం పనిచేస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పనిచేయనట్టు. పక్కనున్న గొట్టపు బావి మడి మట్టితోనూ ఇంకో కుండీ పెట్టాలి, లేకపోతే తేడా దేనివల్లో తెలియదు.